అరగని ఉలి

ఆళ్లగడ్డ,
8 ఫిబ్రవరి 2001.

శ్రీవాణికి మీ మామ సుబ్బరాయుడు రాసేది.

ఫోను చెయ్యమని చెప్పంపినావంట. చెయ్యను. నా పెండ్లాం కడుపులో గడ్డ సంగతి బూతులో నిలబడి బస్టాండంతా ఇనేటట్లు అరవల్లనా? కాయితం ఉండాది, పెన్ను ఉండాది. నువ్వు రాయి, నేను రాస్తా.

నా అక్షరాలు చూసి నవ్వొద్దు. నేను బడికి పోయింది లేదు. గోరీల మీద, గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కీ చెక్కీ నేర్చుకున్న అక్షరాలివి. రాతిలో కొట్టివేత ఉండదు. అందుకే కాయితం మీద గూడా కొట్టెయ్యను. తప్పు పడింటే తప్పుతోనే చదువుకో.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మీ అమ్మ, నా చెల్లెలు, పోయినంక తొమ్మిదేండ్ల దానివి నిన్ను ఎత్తకొచ్చి సాకింది మీ అత్త. ఆరేండ్ల కిందట నువ్వు నన్ను అడక్కుండా ఆ షావుకార్ల పిల్లోన్ని చేసుకున్యావు. నీ పెండ్లికి నేను రాలేదు. నీ గడప తొక్కనని అందరి ముందరా అన్యా. ఆ మాట మీదనే ఉండా. సూదులేసే డాక్టరమ్మ నంద్యాలలో ఉండాది గాబట్టి మీ అత్త నీ ఇంట్లో ఉండాది. అది అవసరం. ఇది పంతం. రెండూ కలపొద్దు.

ఇప్పుడు అడిగేది చెప్పు. కర్నూల్లో కోసి గడ్డ తీసేసినారు. తట్టలో పెట్టి నాకు చూపించినారు గూడా. తీసేసినంక ఇంక సూదులెందుకు? మళ్ళా వస్తాదేమో అని డాక్టరమ్మ అనిందంట. యాడినించి వస్తాది? బండ పగలగొట్టి అవతల పారేసినంక ఆ తావులో మళ్ళా బండ మొలిచేది నా అరవై తొమ్మిదేండ్లలో చూల్లేదు. నువ్వు కాలేజీలో జీవాల చదువు చెప్తావు గదా. ఇంగిలీసు లేకుండా, నా చేతికి అందేటట్లు రాయి.

కొలిమి బాగానే ఉండాదని దానికి చెప్పు.

సుబ్బరాయుడు


నంద్యాల,
13 ఫిబ్రవరి 2001.

మామకు శ్రీవాణి నమస్కారాలు.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించినాను. "కొలిమి బాగానే ఉండాదని" అన్నచోట ఆగి, మళ్ళీ చదవమంది. పంతం గురించిన ముక్క మాత్రం చదవలేదు. ఆమెకు తెలియంది కాదుగా.

మొదటి సూది అయింది. రెండురోజులు వాంతులు. ఇప్పుడు కాస్త సంగటి, చారు తింటోంది. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసిచ్చింది. రక్తం ఉంటేనే తరువాతి సూది వేస్తారు.

నువ్వు అడిగినదానికి రెండు రోజులు ఆలోచించినాను. చిన్నప్పుడు మీ పంచలో నెయ్యి డబ్బా ఒకటి ఉండేది, గుర్తుందా? అరిగిపోయిన ఉలి ముక్కలు దాంట్లో వేసేవాడివి. నేను వాటిని వరసగా నిలబెట్టి తాత, అవ్వ, నాయన అని ఆడుకునేదాన్ని. కొత్తగా కొన్నప్పుడు జానెడున్నర ఉన్న ఉలి, కొలిమిలో పెట్టి మొన సాగగొట్టిన ప్రతిసారీ గోరంత పొట్టి అవుతుంది. ఆఖరికి పిడికిటికి చాలదు. డబ్బాలో పడుతుంది.

మన ఒంటిలో ప్రతి కణం లోపలా దారాలు ఉంటాయి మామా. ఆ దారాల కొసలను టెలొమియర్లు అంటారు. కణం ఒకటి రెండు అయిన ప్రతిసారీ ఆ కొస కొంచెం అరుగుతుంది. అరిగి అరిగి ఒక మేరకు వచ్చినాక ఆ కణం ఇంక పని మానుకుంటుంది. అదీ డబ్బాలో పడినట్టే.

ఈ రోగం కణానికి ఆ అరుగుదల లేదు. దాని లోపల ఒక పనివాడు మేలుకుంటాడు. పేరు టెలొమెరేజ్. కొస అరిగినప్పుడల్లా వాడు కొత్త ముక్క అతికిస్తాడు. మంచి కణాల్లో చాలావాటిలో వాడు నిద్రలోనే ఉంటాడు. రోగం కణంలో నిద్రపోడు. అందుకే దానికి ముసలితనం లేదు. కర్నూల్లో తీసింది గడ్డను. కంటికి కనపడని కణాలు నాలుగు మిగిలి ఉంటే చాలు, మళ్ళీ పెరుగుతాయి. సూదులు వాటికోసమే.

మా కాలేజీకి వచ్చే సైన్సు పత్రికలో చదివి రాస్తున్నాను. అర్థమయిందో లేదో చెప్పు.

శ్రీవాణి


ఆళ్లగడ్డ,
17 ఫిబ్రవరి 2001.

శ్రీవాణికి,

ఎందుకు అర్థం కాదు? నేను మొద్దోన్ని గాదు, చదువు రానోన్ని. నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. మూడోసారికి ఒళ్ళు మండింది.

యాభై ఏండ్లు అరగని ఉలి కోసం ఎతికినా. అవుకులో అడిగినా, తాడిపత్రిలో అడిగినా. యాడా లేదు. అట్లాంటి ఉలి ఉండేది మీ అత్త కడుపులోనా?

మా పని నీకు తెలుసు, నీ మొగునికి తెలీదు గాబట్టి రాస్తాండా. ఉలి ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మొన నీళ్ళలో ముంచి తీస్తే రంగులు పారతాయి. ఎండు గడ్డి రంగు మొనకాడికి వచ్చినప్పుడు మళ్ళా ముంచల్ల. రెప్పపాటు ముందయితే ఉలి పెళుసు, రెప్పపాటు దాటితే మెత్తన. ఆ రంగు కనిపెట్టేది నేను గాదు, మీ అత్త. నలభై ఒక్క ఏండ్లు తిత్తి ఊదుతా ఆ రంగు చూసి "ఇంక చాలు" అనేది. అది చాలంటే ముంచేటోన్ని. నా పేరు మీద ఉండే దేవుళ్ళందరూ ఆ మాటతో పుట్టినోల్లే. ఎవురికీ చెప్పింది లేదు ఇంతవరకూ.

అది లేక వారంలో ఆరు ఉలులు ఇరిగినాయి.

సరే. ఆ పనోని సంగతి చెప్పు. వాడు ముక్క అతికించల్లంటే సరుకు కావల్ల గదా. ఉత్త చేతుల్తో ఎవురూ అతికించరు. వానికి సరుకు యాడినించి వస్తాండాది? వాని చెయ్యి ఇరగ్గొట్టే మందు ఉండాదా లేదా? ఉంటే ఎంత దూరమైనా పోతా. అమ్మల్లంటే ఇల్లు అమ్ముతా.

ఆ ఇనుము మాత్తర్లు రోజుకు ఎన్ని? ఎవురు ఇస్తాండారు?

సుబ్బరాయుడు


నంద్యాల,
22 ఫిబ్రవరి 2001.

మామకు,

ఇల్లు అమ్మొద్దు. ఆ మందు అమ్మేచోటు ఇంకా ఎక్కడా లేదు. ప్రయోగశాలల్లో వెతుకుతున్నారు. ఎలుకల మీద, గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద చూస్తున్నారు. మనుషులదాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో.

ఇంకొకటి కూడా చెప్పాల. దాచితే నీకు కోపం. ఈ పొద్దు వాడి చెయ్యి విరగ్గొట్టినా, రోగం ఈ పొద్దే ఆగదు. ఉన్న ఉలి మొత్తం అరిగేదాకా ఆగాలి కదా, ఆలోపల అది ఎన్నిసార్లయినా రెండు కావచ్చు. పైగా పది గడ్డల్లో ఒకదానిలో అసలు ఆ పనివాడే ఉండడు. అక్కడ ఒక దారం పక్క దారం కొసను చూసి, దాన్ని నకలు తీసి, తన కొసను పొడవు చేసుకుంటుంది. అత్తది ఏ రకమో చెప్పే పరీక్ష ఇక్కడ లేదు.

సరుకు ఎక్కడిదంటావా, మనిషి తినే తిండిలోంచే తీసుకుంటుంది. మంచి కణం తినేదే అదీ తింటుంది.

మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నేను కాలేజీకి పోతాను కాబట్టి అత్తే వేసుకుంటుంది. సీసా తలకాడ పెట్టినాను.

ఇరవై ఆరున రెండో సూది. ఆస్పత్రికి రా మామా. ఆస్పత్రి గడప నా గడప కాదు కదా. బయట వేపచెట్టు కింద బెంచీ ఉంది, లోపలికి రాకపోయినా పర్వాలేదు. అత్త అడగదు, నీకు తెలుసు. వాకిలి వైపు పక్క వేయించుకుంది, అంతే.

మా ఆయన మహీధర్ ఏమంటాడో తెలుసా? "మీ మామ దేవుళ్ళను చెక్కుతాడు సరే, ఆయన్ని ఎవరు చెక్కాల?" అని. నేను నవ్వలేదు. అత్త నవ్వింది.

శ్రీవాణి


ఆళ్లగడ్డ,
1 మార్చి 2001.

శ్రీవాణికి,

రాలేకపోయినా. అవుకు కాడి ఊరోల్లకు పెద్దమ్మ విగ్రహం ఇయ్యల్ల. ముఖం అయింది. కండ్లు చెక్కి తెరిచేది మిగిలి ఉండాది. వాళ్ళు వచ్చి నా పంచలో కూసోని బేగా గానీ అంటాండారు.

నన్ను ఎవురు చెక్కాల అన్నాడా నీ మొగుడు? ఉప్పు, చింతపండు అమ్ముకునేటోనికి రాయి అంటే తూకం రాయేలే అని చెప్పు.

రాయి లోపల నెర్ర ఉంటే సుత్తితో తట్టితే తెలుస్తాది. మంచి రాయి గంట మాదిరి మోగుతాది. నెర్ర రాయి మోగదు. మనిషికి అట్ల తట్టి చూసేది లేదు. అది నలభై ఏండ్లు నా పక్కన కూసోని తిత్తి ఊదింది. నాకు ఏమీ ఇనపడలేదు.

నువ్వు రాసిందంతా రాత్రీ పగలూ తిప్పుతాండా. తినే దాంట్లోంచే తీసుకుంటాది అన్యావు. బాగా రాసినావు.

పక్కింటి ప్రమీలమ్మ కూతుర్ని చూసేదానికి శుక్రవారం నంద్యాలకు వస్తాండాది. ఈ కాయితం, నిమ్మకాయ ఊరగాయ దాని చేతికే ఇచ్చి పంపుతాండా. ప్రమీలమ్మను మీ అత్తకాడ కాసేపు కూసోనీ. ఆడోల్ల మాటలు ఉంటాయి, నువ్వు పక్కన ఉండేది అవసరం లేదు.

సుబ్బరాయుడు


నంద్యాల,
24 మార్చి 2001.

మామకు,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. పంతొమ్మిదిన మూడో సూదికి పోయినాము. రక్తం చూసి డాక్టరమ్మ సూది వేయనన్నది. పోయినసారికన్నా సగం పడిపోయింది. ఈ రక్తంతో సూది వేస్తే మనిషే ఆగదట. నాలుగు రోజులు ఆగి రమ్మన్నది. నిన్న మళ్ళీ చూపించినాను. ఇంకా తగ్గింది.

డాక్టరమ్మకే అంతుపట్టలేదు. మాత్రలు వేసుకుంటోందా అని నన్ను అడిగింది. సీసా ఖాళీ అయితే కొత్తది తెచ్చిపెట్టినాను, వేసుకోక ఎక్కడికి పోతుంది అన్నాను. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమోనని గొట్టం వేసి చూసినారు. ఆ గొట్టానికి అత్త పడిన అవస్థ నేను చూడలేకపోయినాను. ఏమీ దొరకలేదు.

గడ్డ మళ్ళీ చేతికి తగులుతోంది మామా. సూది ఆగిన ఈ రోజుల్లోనే.

అత్త పుట్టింట్లో ఎవరికైనా రక్తం జబ్బు ఉందా? వాళ్ళ అమ్మకు ఏమైనా ఉండేదా? వెంటనే రాయి.

శ్రీవాణి


ఆళ్లగడ్డ,
27 మార్చి 2001.

శ్రీవాణికి,

మీ అత్త పుట్టింట్లో ఎవురికీ ఏ జబ్బూ లేదు.

రక్తం తగ్గితే గడ్డ గూడా తగ్గల్ల గదా? సరుకు అందకపోతే వాడు గూడా చెయ్యి ముడుచుకోని కూసోవల్ల గదా? నిజంగా పెరిగిందా, లేకుంటే డాక్టరమ్మ చెయ్యి తప్పా? ఇంకొకరితో పట్టించి చూపించు.

బేగా రాయి. ఉత్తరం ఇక్కడికి రావడానికి మూడు దినాలు పడతాండాది. నంద్యాలకు ఆళ్లగడ్డకు బస్సు గంటన్నర.

సుబ్బరాయుడు


నంద్యాల,
30 మార్చి 2001.

మామా,

నీ ఉత్తరంలో "సరుకు" అన్న మాట దగ్గర ఆగినాను. లేచిపోయి అత్త పక్క దులిపినాను. తలగడ కింద వక్కాకు సంచి. దాంట్లో వక్కలు లేవు. ఇనుము మాత్రలు. ఒక్కటీ తడి తగలని మాత్రలు, నెల రోజులవి.

అడిగితే గోడ వైపు తిరిగి పండుకుంది. ప్రమీలమ్మ కూతురి ఇల్లు మాకు రెండు వీధుల అవతల. పోయి కూతుర్ని నిలదీసినాను. "మీ మామ చెప్పిందే మా అమ్మ చెప్పింది, ఆ నల్ల మాత్తర్లు మింగొద్దు, లోపల కొలిమికి అదే ఉక్కు, శ్రీవాణికి తెలీనియ్యొద్దని" అన్నది.

ఉలి అన్నది పోలిక మామా! పోలిక! దారం ఇనుముతో చేసింది కాదు. వాడు అతికించేది ఇనుము కాదు. ఆ మాత్ర వాడికి కాదు, అత్త రక్తానికి. ఆ రక్తం లేకనే రెండుసార్లు సూది ఆగింది. సూది ఆగబట్టే ఆ కణాలు ఎదురులేకుండా పెరిగినాయి.

ఒక్క ముక్క నన్ను అడిగి ఉంటే? నీకు తెలియంది ఈ లోకంలో ఏదీ లేదు కదా. నన్ను అడిగితే నీ తల దిగుతుందా? నా పెండ్లికి రాలేదు, పోనీ అనుకున్నాను. ఆమె సూదులకు రాలేదు, పోనీ అనుకున్నాను. రాకుండా అక్కడే కూర్చుని నీ చెయ్యి మాత్రం ఇంత దూరం సాచినావే!

రెండు సీసాల రక్తం ఎక్కిస్తున్నారు. మహీధర్ ఇచ్చినాడు, అతని స్నేహితుడు ఒకతను ఇచ్చినాడు. తూకం రాళ్ళు పెట్టుకునేవాళ్ళు.

శ్రీవాణి


ఆళ్లగడ్డ,
2 ఏప్రిల్ 2001.

శ్రీవాణమ్మకు,

నువ్వు రాసిందాంట్లో ఒక్క మాట గూడా తప్పు లేదు.

నేను చెప్పంపినా. నేనే. ప్రమీలమ్మకు ఏమీ తెలీదు, దాన్ని ఏమీ అనొద్దు.

యాభై ఏండ్లు ఇనుముతో బతికినోన్ని. ఇనుము యాడ పడితే ఆడ పనికొస్తాదని తప్ప నాకు ఇంకేమీ తెలీదు. నువ్వు ఉలి అన్యావు, కొస అన్యావు, పనోడు ముక్క అతికిస్తాడన్యావు. పక్క కాయితంలోనే ఇనుము మాత్తర్లు అన్యావు. తినే దాంట్లోంచే తీసుకుంటాది అన్యావు. నా తలకాయలో కొలిమి కనపడింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మనమే వానికి ఉక్కు అందిస్తాండామే అనుకున్యా. ఇంత చదివిన డాక్టరమ్మకు తెల్లేదు, నాకు తెలిసింది అనుకున్యా. అదీ నా పొగరు. ఆ రాత్రి సంతోషంగా పండుకున్యా. దానికి జబ్బు వచ్చినంక నేను నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

నిన్ను ఎందుకు అడగలేదంటే, నువ్వు కాదంటావని. కాదంటే ఇంక నా చేతిలో చేసేదానికి ఏమీ ఉండదు.

ఆస్పత్రికి ఎందుకు రాలేదో గూడా రాస్తా. పెద్దమ్మ విగ్రహం కోసం గాదు. విగ్రహం నెలన్నర నుంచి అట్లనే ఉండాది, కండ్లు తెరవలేదు. జుట్టు లేని దాని తల చూసే ధైర్యం నాకు లేదు. పెండ్లయిన నాటినుంచి దాని జడ చివర కొలిమి వాసన వస్తాది.

~~నేను ఏమీ కావాలని~~

చూడు, కొట్టేసినా. మొదటిసారి.

దానికి ఏం చెప్పల్లనో తెలీదు. తిట్టమను.

సుబ్బరాయుడు


నంద్యాల,
7 ఏప్రిల్ 2001.

మామకు,

తిట్టడానికి ఓపిక లేదు, నాకూ, అత్తకూ.

డాక్టరమ్మ ఇంక సూదులు వద్దన్నది. కాలేయం దాకా పాకింది. మాత్రలు మానినందువల్లేనా అని అడిగినాను. "చెప్పలేనమ్మా, వేసుకున్నా వచ్చేదేమో, ఆరు నెలలు ఆగి వచ్చేదేమో" అన్నది. ఈ మాట నీకు ఊరట అవుతుందో, శిక్ష అవుతుందో నాకు తెలియదు. ఉన్నది రాసినాను. తినే తిండిలోంచే తీసుకుంటుంది అని రాసింది నేను. దాంట్లో నా చెయ్యి కూడా ఉంది. నీ చేతికి అందేటట్లు రాయాలని చూసినాను, అందింది.

నిన్న సాయంత్రం అత్తతో మాట్లాడినాను. నీ ఉత్తరం చదివినాను, కొట్టేసినదాన్ని కూడా వేలు పెట్టించి చూపించినాను. చాలాసేపు దాన్ని తడిమింది. అప్పుడు అడిగినాను, ఎందుకు మానేసినావత్తా, మామ చెప్పింది నమ్మినావా అని.

ఆమె అన్న మాటలు అట్లనే రాస్తున్నాను: "యాడ నమ్ముతానే? ఇనుము తింటే జబ్బు పెరిగేటట్లయితే కొలిమి పొగ మింగిన దాన్ని ఎప్పుడో పోయిందును. ఆయప్ప జీవితంలో చేతులు ముడుచుకోని కూసోలేదు. నాకు జబ్బు చేసినంక ఆ చేతులకు పని లేకపోయె. ప్రమీలమ్మ వచ్చి చెప్తే అనుకున్యా, పోనీలే, నా పెండ్లాన్ని నేను కాపాడతాండా అని ఒక నెల అనుకోనీ. నాకు ఎట్లా బతుకు లేదు. ఆ గొట్టం వేసినప్పుడు మటుకు చెప్పేద్దామా అనిపించింది."

నేను బయటికి పోయి ఏడ్చినాను.

నిన్ను రమ్మని పిలవను మామా. పిలిస్తే నువ్వు పంతం గెలిచినట్టు ఉంటుంది. పిలవకుండా వస్తే ఓడినట్టు ఉంటుంది. ఏది కావాలో నువ్వే చూసుకో. పదిహేను నుంచి నాకు కర్నూల్లో ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ, తప్పించుకోలేను. అత్త పక్క ఇంకా వాకిలి వైపే ఉంది.

శ్రీవాణి


నంద్యాల,
నీ ఇల్లు,
17 ఏప్రిల్ 2001.

కర్నూల్లో ఉండే శ్రీవాణమ్మకు మీ మామ రాసేది.

నువ్వు బస్సు ఎక్కిన దినం మధ్యాన్నమే వచ్చినా. గడపకాడ నిలబడినా. నీ మొగుడు వచ్చినాడు. తిడతాడేమో అనుకున్యా, తిట్టింటే బాగుండు. చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళకు ఇచ్చినాడు. "లోపలికి రా మామా, ఎండగుండాది" అన్నాడు. అంతే. వాని మోచేతి కాడ రక్తం తీసిన మచ్చ ఇంకా నీలంగా ఉండాది. నేను దాన్నే చూస్తాంటే చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

దాన్ని చూసినా. ఒప్పుకుంటాండా, గుర్తుపట్టల్లే. మంచం మీద ఎవురో చిన్న పిల్లోడు పండుకోని ఉండాడు అనుకున్యా. అదే ముందు మాట్లాడింది. "ఏందప్పా, పెద్దమ్మకు కండ్లు తెరిచినావా?" అనింది. లేదన్యా. "ఊరోల్లు కూసోని ఉండారు గదా పంచలో?" అనింది. ఉండనీ అన్యా. అప్పుడు దాని తల మీద చెయ్యి పెట్టినా. నున్నగా ఉండాది. నేను జీవితమంతా రాయి అట్ల నున్నగా చేసేదానికే తిప్పలు పడినా.

నిన్న మధ్యాన్నం అడిగింది. "ఆ పనోడు ఎవురో ఉండాడంటివే, వాని చెయ్యి ఇరిగిందా?" అని. నాకు అబద్ధం రాదు, నీకు తెలుసు. "ఇరిగింది" అన్యా. నా ముఖంలోకి చూసి, "ఎన్ని చోట్ల?" అనింది. "రెండు చోట్ల" అన్యా. నవ్వింది. నవ్వితే కడుపు నొచ్చి మూలిగింది. ఇంక నవ్వించొద్దు అనుకున్యా.

మాత్తర్లు నేనే ఇస్తాండా. డాక్టరమ్మ వచ్చి చూసి, ఇంక ఇచ్చినా ఇయ్యకపోయినా ఒకటే తాతా అనింది. సరేనమ్మా అన్యా. అయినా ఇస్తాండా. ఆ వక్కాకు సంచిలోవే. అట్లనే మింగలేదు. గిన్నె అడుగుతో పొడి కొట్టి, తేనెలో కలిపి, ఏలితో నాలిక మీద పెడతా. ఎంగిలి పడకుండా పెట్టేది నేర్చుకున్యా. పండ్లు నల్లబడినాయి. గుడ్డతో తుడుస్తాండా.

ఈ పొద్దు పొద్దున గూడా పెట్టినా. సగం మింగింది. సగం పెదిమె పక్కన కారింది. తుడిచి మళ్ళా ఏలు ముంచినా. నా మణికట్టు పట్టుకుంది. పట్టు లేదు దాంట్లో, చెయ్యి వేసింది, అంతే. నా ఏలి కొస మీద నల్ల పొడిని కొంచెంసేపు చూసింది, కొలిమికాడ చూసినట్లే, కండ్లు చిన్నవి చేసుకోని.

"ఇంక చాలు" అనింది.

నలభై ఒక్క ఏండ్లు అది చాలు అనంగానే ఆపినోన్ని. ఒక్కసారి గూడా దాటింది లేదు. ఈ పొద్దు ఆపలేదు. ఇంకొంచెమే, ఇంకొంచెమే అంటా అట్లనే దాని పెదిమెల కాడ ఏలు పట్టుకోని కూసున్యా.

పేపర్లు ఎట్లున్నా వదిలేసి రామ్మా.

మామ